పద్మ చేయని త్యాగం

కడుపులో మాట కన్నతల్లికి కాక ఇంకెవరికి చెప్పుకుంటారు? పద్మావతి కూడా లోకమంతా చేసే పనే చేసింది. మెడికల్ షాపులో కొన్న పుల్ల మీద రెండు గీతలు కనబడ్డ పొద్దున, నైట్ డ్యూటీ చేసొచ్చి నిద్రపోతున్న మొగుణ్ణి లేపకుండా, ఆ పుల్లను దస్తీలో చుట్టుకుని, ఉప్పల్‌లో షేర్ ఆటో ఎక్కి నాచారంలో తల్లి గడప ముందు దిగింది. పెళ్లయి ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో ఆమె మొక్కని దేవుడు లేడు, మింగని గోలీ లేదు, "ఇంకా ఏం లేదా?" అని అడగని చుట్టమూ లేదు. ఆ పొద్దున ఆటోలో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆడమనిషికి కూడా చెప్పేయాలనిపించింది. ఆమెకే చెప్పి, అక్కడితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది!

శారదమ్మ ఆ పుల్లను వాకిట్లో వెలుతురుకు పట్టి చూసింది. మొహం విప్పారింది. అది నటన కాదు, ఆ కాసేపు ఆమె నిజంగానే సంతోషపడింది. తర్వాత చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"మరి విక్రమ్ గాని సంగతేందే?" అంది.

ఆటోలో వచ్చినంతసేపూ పద్మ పక్కకు తోసేస్తూ వచ్చింది ఆ మాటనే.

విక్రమ్ ఆమె తమ్ముడు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మెషిన్ ఆపరేటర్. పోయినేడు చేతుల మీద నల్లటి కముకు మచ్చలు తేలితే ఇనుముతో పని కదా, ఎక్కడో తగిలి ఉంటుందిలే అనుకున్నారు. ముక్కులోంచి రక్తం ఆగకపోయేసరికి పరీక్షలు చేయించారు, బ్లడ్ క్యాన్సర్ అన్నారు. నెలల తరబడి కీమో ఎక్కిస్తే రోగం తోక ముడిచింది గానీ, మళ్లీ తిరగబెడుతుందనీ, అది తిరగబెట్టే లోపలే తోడబుట్టినవాళ్ల మూలుగ ఎక్కించాలనీ పెద్ద దవాఖానాలో చెప్పారు. తోడబుట్టింది ఒక్క పద్మే. పరీక్ష చేస్తే ఇద్దరి రక్తంలో కలవాల్సిన గుర్తులు పదికి పది కలిశాయి. "బళ్లె ఎన్నడన్న పదికి పది వచ్చినయా అక్కా నీకు?" అని విక్రమ్ గుండు తడుముకుంటూ నవ్వాడు. ఇంట్లో అందరూ నవ్విన ఆఖరి రోజు బహుశా అదే.

ట్రాన్స్‌ప్లాంట్ పనులన్నీ చూసే ఎలిజబెత్ సిస్టర్ ఆ రోజే పద్మను కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. బొక్కలు కోయరు, ఎముకను ముట్టుకోరు. కొన్ని రోజులు ఇంజెక్షన్లు ఇస్తారు. దాంతో మూలుగలో ఉండే మూలకణాలు రక్తంలోకి వస్తాయి. ఒక చేతిలోంచి రక్తం తీసి, మిషన్లో ఆ కణాలను పట్టుకుని, మిగతా రక్తం ఇంకో చేతిలోకి ఎక్కిస్తారు. ఇచ్చే మనిషికి జ్వరం ఉండకూడదు, జబ్బు ఉండకూడదు, కడుపు ఉండకూడదు. "కడుపా సిస్టర్? దానికోసమే గదా గీ మొక్కులన్ని," అని పద్మ ఆ రోజు ఎగతాళిగా నవ్వింది కూడా.

ఇప్పుడు నవ్వు రాలేదు.

"సోమవారం పోయి డాక్టర్‌ను అడుగుతనమ్మా," అంది తల్లితో. "జర ఆగొచ్చునేమో. ఇంకేదన్న తొవ్వ ఉంటదేమో. వాళ్లు ఏం జెప్తరో ఇన్నంక సూద్దాం."

"పోదాం తీ. నేను గూడ వస్త," అంది శారదమ్మ. "నరేందర్‌కు జెప్పినవా?"

"లేదు. ముందుగాల నీకే."

"మంచిగ జేసినవ్. మూడో నెల వడేదాక ఎవ్వరికి జెప్పొద్దు, దిష్టి తాకుతది. మొగనికి అసలే జెప్పకు, మగోళ్ల నోట్ల నువ్వుగింజ నానది. సోమవారం దాక నా కాడనే ఉండు. ఆటోలల్ల గుంతల రోడ్ల మీద ఎగిరెగిరి పడకు."

ఎంత మంచి మాటలో చూడండి! ఒక్కటి కూడా తప్పు పట్టడానికి లేదు. మూడో నెల దాకా దాచుకోవడం ఏ ఇంట్లో లేదు? పద్మ మొగుడికి ఫోన్ చేసి, తమ్ముడికి ఇచ్చేముందు బలం పట్టాలని అమ్మ నాలుగు రోజులు ఉండమంటోందని చెప్పింది. పోచారం ఐటీ క్యాంపస్‌కు స్టాఫ్ క్యాబ్ నడిపే నరేందర్ అత్తగారి మీద అపనమ్మకమంటే ఏమిటో తెలియని మనిషి. "ఉండు ఉండు, మంచిగ తిను," అన్నాడు.

శారదమ్మ మంచిగానే పెట్టింది. వేడివేడి అన్నం, ఆకుకూర పప్పు, నెయ్యి. పొద్దున్నే ఒకసారి, దీపం పెట్టే వేళకు ఒకసారి స్టీలు గ్లాసులో నల్లటి కషాయం. నాలుక మీద పెడితే విషమంత చేదు, వెనకాల బెల్లం ముక్క. "రక్తం పడతది బిడ్డ. కండ్లు మూసుకొని తాగు." పద్మ కళ్లు మూసుకునే తాగింది. తల్లి చేతి గ్లాసులో ఏముందని అడిగే కూతురు ఎక్కడైనా ఉంటుందా?

సోమవారం రాకముందే నడుములో నొప్పి మొదలై, ఆదివారం మధ్యాహ్నానికి అంతా అయిపోయింది.

తల ఒళ్లో పెట్టుకుని శారదమ్మ వెంట్రుకలు నిమిరింది. "అది కడుపే గాదు బిడ్డ. జర ఆలస్యమైంది, గంతే. గా పుల్లలు ఉత్తయే. నిజంగ కడుపే అయితే గింత తొందర పోతదా?" అంది. పద్మ ఏడ్చింది. శారదమ్మ కూడా ఏడ్చింది, పద్మ కంటే గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు చూసి పద్మే చివరికి లేచి తల్లికి మంచినీళ్లిచ్చి ఊరుకోబెట్టింది. మొగుడికి చెప్పలేదు. ఉందని తెలియనిదాన్ని పోయిందని చెప్పి ఏడిపించడం దేనికని ఊరుకుంది. అది మంచితనమే కావచ్చు గానీ, ఆ మంచితనమే తర్వాత ఆమె మెడకు చుట్టుకుంది.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. కొన్ని వారాలకు దవాఖానాలో పద్మకు పరీక్షలన్నీ చేశారు. కడుపు లేదని వచ్చింది. రక్తం కొంచెం తక్కువుంటే గోలీలు రాసిచ్చారు. సకలజనుల సమ్మె మొదలై ఉప్పల్ డిపోలో బస్సులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయిన రోజుల్లో విక్రమ్‌ను చేర్చుకుని, ఛాతీలోకి సన్నటి గొట్టం వేసి, అద్దాల గదిలో పెట్టారు. గాలి కూడా వడగట్టి పంపే గది అది. లోపలికి నర్సులు, డాక్టర్లే వెళతారు. ఇంటివాళ్లు అద్దం ఇవతల నిలబడి ఫోన్లో మాట్లాడాలి.

పెద్ద కీమో మొదలుపెట్టే ముందు రోజు ఎలిజబెత్ సిస్టర్ పద్మను ఒక్కదాన్నే గదిలోకి పిలిచింది.

"రేపట్నుంచి ఎక్కించే మందు తమ్ముడి మూలుగనంత కాల్చేస్తదమ్మా. ఆ తర్వాత మీరు ఇయ్యనంటే ఆయన బతకడు. వద్దనుకుంటే ఇయ్యాల్నే అనుకోవాలె, రేపు కుదరదు. ఇంట్ల ఎవరన్న బలవంతం జేస్తే నాకు జెప్పండి. మీ పేరు బయటికి రాకుండ నేనే ఏదో ఒకటి జెప్త."

"నా తమ్మునికి ఇచ్చెతందుకు నన్నెవరు బలవంతం జెయ్యాలె సిస్టర్?" అంది పద్మ. కొంచెం కోపంగానే అంది. బలవంతం అప్పటికే కడుపులోకి దిగి తన పని తాను చేసుకుని పోయిందని ఆమెకేం తెలుసు?

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. నరేందర్ డ్యూటీ రాత్రులు కావడంతో పద్మ నాచారంలోనే ఉండి, మెయిన్ రోడ్డు మీద క్లినిక్‌లో వేయించుకుంటోంది. రెండో రోజుకే ఒళ్లు హూనమైంది. తుంటి, నడుము, రొమ్ము మధ్య బొక్క అన్నీ లోపల్నుంచి ఎవరో తోస్తున్నట్టు సలుపు. మూలుగ పని చేస్తోందనడానికి అదే గుర్తని సిస్టర్ చెప్పింది కాబట్టి ఆ నొప్పి మీద కూడా పద్మకు ప్రేమే కలిగింది.

బతుకమ్మ రోజులు. ఆ మధ్యాహ్నం గల్లీలో ఆడవాళ్లంతా సత్తమ్మ అరుగు మీద చేరి గునుగు పూల కట్టలు కడుతున్నారు. సత్తమ్మ ఆ గల్లీకి పెద్దదిక్కు. పసిపిల్లల కడుపునొప్పికి, బాలింతల పాలకు, అన్నింటికీ ఆమె దగ్గర ఏదో ఒక ఆకో వేరో ఉంటుంది. నడుము పట్టుకుని మెల్లగా వస్తున్న పద్మను చూసి ఆమె జరిగి చోటిచ్చింది.

"రా బిడ్డ, గిట్ల గోడకు ఒరుగు. బొక్కలు నొస్తున్నయా? నొయ్యవా మరి. నీ అసొంటి అక్క ఏడ దొరుకుతది! తమ్ముని కోసం పానమే గాదు, కడుపుల వడ్డదాన్ని గూడ ఇడిసిపెడితివి."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నోళ్లు చప్పరించారు. ఒకామె కొంగుతో కళ్లొత్తుకుంది. పద్మ ఒక్కతికే అర్థం కాలేదు.

"ఏందత్తా నువ్వనేది?"

"మా కాడ దాస్తవేంది బిడ్డా, అందరం ఆడోళ్లమే గదా. నీ నోటితోని నువ్వెట్ల అడుగుతవ్? మీ అమ్మ వచ్చి గీ అరుగు మీదనే కూసొని ఏడ్సింది. 'నా బిడ్డ వద్దంటుంది సత్తవ్వా, నా తమ్ముడు బతుకాలె, నాకు కడుపొద్దంటుంది' అని. ఎట్లనన్న కానీ అని నేనే ఏరు నూరి ఇచ్చిన. శేదుంటది. కక్కలేదు గదా?"

పద్మ "లేదు" అంది. ఆ చేదు అప్పుడే మింగినట్టు గొంతులోకి తన్నుకొచ్చింది. రోజూ గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడి చూసిన తల్లి, ఆఖరి గుక్క వదిలేస్తే "అడుగుకే బలముంటది" అని మళ్లీ నోటికందించిన తల్లి కళ్ల ముందు కనిపించింది. గల్లీ అంతటికీ తెలుసు. తెలియనిది తనకొక్కతికే. పైగా తను చేయని త్యాగానికి తనకే దండాలు పెడుతున్నారు. ఆమె గోడ పట్టుకుని లేచింది. "పండుకో పో బిడ్డా," అంది సత్తమ్మ ఆప్యాయంగా.

శారదమ్మ దవాఖానా నుంచి వచ్చేసరికి పద్మ వంటింటి గడపలో కూర్చుని ఉంది. లేచి దారివ్వలేదు.

"సత్తమ్మత్త అంత జెప్పింది."

శారదమ్మ చేతిలోని సంచి కింద పెట్టింది. అబద్ధమాడుతుందేమో, "అది ముసల్ది, దానికేం తెలుసు" అంటుందేమోనని పద్మ ఎదురుచూసింది. నిజం చెప్పాలంటే, అలా అనాలని కోరుకుంది. అంటే నమ్మేద్దామని కూడా అనుకుంది. శారదమ్మ అలా అనలేదు.

"ఔ. ఇచ్చిన," అంది. "ఏం జెయ్యమంటవ్? నీకు మల్ల అయితది. వాడు మల్ల పుట్టడు."

"నన్నడగాలె గదమ్మా."

"అడిగితే ఒప్పుకుంటుంటివా?"

"ఏమో! ఒప్పుకుంటుంటినేమో. వాడు నాకు తమ్ముడు గాడా? నా సంకల పెరిగినోడు గాడా? అడిగితే గదా తెలిసేది!" పద్మ గొంతు చీరుకుపోయింది. "నేను ఇస్తనో ఇయ్యనో నాకు గూడ తెల్వకుంట జేసినవ్. తాపినప్పుడు నీ చెయ్యెట్ల ఆడిందే? నువ్వు గూడ మోసినదానివే గదనే!"

"మోసిన గాబట్టే," అంది శారదమ్మ. "గందుకే వాన్ని సావనియ్య."

తల్లి మోసింది ఇద్దరినీ. కానీ ఆ మాటలో ఉన్నది ఒక్కడే. చిన్నప్పుడు గుడ్డు కొడుకు పళ్లెంలోనే పడేది, కొత్త చెప్పులు కొడుకుకే వచ్చేవి. అవన్నీ ఏ ఇంట్లోనైనా మామూలేనని నవ్వి ఊరుకుంది పద్మ. ఇది కూడా అందులో ఒకటేనా? శారదమ్మకు మాత్రం అలాగే కనిపిస్తున్నట్టుంది.

పద్మ చెప్పులేసుకుని బయటపడింది. ఏ ఆటో ఎక్కిందో తెలియకుండానే ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర దిగింది. సమ్మె జెండాలు, పోలీసు జీపులు, నినాదాలు. ఆ గోలలో నిలబడి, విక్రమ్ చస్తే చావనీ అనుకుంది. దాచేదేముంది, అనుకుంది. రేపటి ఇంజెక్షన్‌కు పోకుండా ఇంట్లో తలుపేసుకుని పడుకుంటే చాలు. అమ్మకు అప్పుడు తెలుస్తుంది. అలా అనుకుంటూనే ఇల్లు చేరి, నిజంగానే తలుపేసుకుని పడుకుంది.

డ్యూటీకి పోయిన నరేందర్ తెల్లారాక వచ్చాడు. షూ విప్పలేదు, మంచినీళ్లడగలేదు. సత్తమ్మ కొడుకు కూడా పోచారంలో క్యాబే నడుపుతాడు.

"టీ తాగుతుంటే దండం వెట్టిండు నాకు," అన్నాడు నరేందర్. "'అన్నా, నీ భార్య దేవతే' అన్నడు. ఎందుకురా అంటే జెప్పిండు. అందరి ముంగట. నాకేమో తెల్వదు, తెలిసినట్టు తలకాయ ఊపిన." మంచం అంచున కూర్చున్నాడు. "వద్దంటుంటినా పద్మా? కూసొని మాట్లాడుకుంటుంటిమి గదా. నాది గాదా అది? ఒక్క మాట జెప్పకపోతివి."

పద్మ లేచి కూర్చుని అంతా చెప్పింది. పుల్ల, దస్తీ, గ్లాసు, సత్తమ్మ అరుగు, ఏదీ వదలకుండా చెప్పింది. అతను విన్నాడు. విని, "ఏ తల్లన్న గట్ల జేస్తదా?" అన్నాడు.

అదీ సంగతి! అబద్ధం ఎంత బాగా అతికిందంటే నిజం దాని ముందు పిచ్చిదానిలా నిలబడింది. తమ్ముడి కోసం అక్క కడుపు వదులుకుందంటే ఊరంతా నమ్మింది, కన్నతల్లే తాగించిందంటే కట్టుకున్నవాడు కూడా నమ్మలేకపోయాడు.

"అయితే అత్తమ్మనే అడుగుదాం నడు," అన్నాడు.

క్యాబ్‌లోనే నాచారం తీసుకెళ్లాడు. శారదమ్మ వాకిట్లోనే ఉంది. నరేందర్ మెత్తగానే అడిగాడు. శారదమ్మ కూతురి మొహం చూసింది. ఆ చూపులో బతిమాలడం ఉంది. అల్లుడికి నిజం తెలిస్తే పెళ్లాన్ని ఇంజెక్షన్‌కు పోనిస్తాడా అన్న భయం ఉంది. తర్వాత ఆమె తల దించుకుంది.

"నేనేం జెప్త అల్లుడా? అది తమ్ముని మీది పానంతోని జేసింది. నువ్వు తిడ్తవని ఇప్పుడు నా మీద వెడుతుంది. పెట్టనీ తీ, తల్లిని గదా, మోస్త."

పద్మకు కోపం రాలేదు. నిన్న కషాయం సంగతి విన్నప్పుడు వచ్చినంత ఏడుపు కూడా రాలేదు. నిన్నటిదాకా తల్లి తన కడుపునే తీసింది. ఇవాళ మొగుడి దగ్గర మాటను కూడా తీసేసింది. ఇక ఈమె దగ్గర తనదంటూ ఏం మిగిలిందా అని చూసుకుంటే ఏమీ కనిపించలేదు. నరేందర్ "సరే" అని వెళ్లి బండిలో కూర్చున్నాడు.

అప్పుడే పద్మ సెల్ మోగింది. విక్రమ్. నోరంతా పుండ్లు పడి రెండు రోజులుగా మాట రావట్లేదని సిస్టర్ చెప్పింది. ముద్దముద్దగా, ఒక్కొక్క అక్షరం లాక్కుంటూ మాట్లాడాడు.

"అక్కా... నీకు... బొక్కలు మస్తు నొస్తున్నయంట గద?"

తన నోరు కాలిపోయి, ఒళ్లు కాలిపోయి, వాడు అడుగుతున్నది ఆమె నొప్పి గురించి! పద్మ సెల్ చెవికి ఆనించుకుని వాకిట్లోనే కూలబడి భోరుమంది. "ఏం నొస్తలేవురా. నువ్వు మాట్లాడకు," అంది. లేచి, తల్లి వైపు చూడకుండా, మొగుడి బండి కూడా ఎక్కకుండా, నడుచుకుంటూ క్లినిక్‌కు పోయి ఇంజెక్షన్ వేయించుకుంది. అది అమ్మ కోసం కాదు. ఆ సంగతి అమ్మకు చెప్పాల్సిన పని కూడా లేదనుకుంది.

కణాలు తీసే రోజున నరేందరే బండిలో తీసుకెళ్లాడు. మనసు విరిగినా మనిషి మంచివాడు. దారంతా మాట్లాడలేదు గానీ, గతుకుల దగ్గర బండి స్లో చేశాడు. రెండు చేతులకూ సూదులు పెట్టి, పద్మను మిషన్ పక్కన పడుకోబెట్టారు. చేతులు వంచకూడదు. ముక్కు మీద దురద పుడితే ఎలిజబెత్ సిస్టరే గోకింది. పెదాలు తిమ్మిరెక్కుతున్నాయంటే క్యాల్షియం గోలీ నోట్లో వేసింది. పైన వేలాడే సంచిలోకి పలచటి టమాటా చారు రంగులో కణాల ద్రవం కొంచెం కొంచెంగా చేరుతోంది.

నరేందర్ చాయ్‌కి పోయినప్పుడు పద్మ అడిగింది. "సిస్టర్, ఏర్లు నూరి తాపితే కడుపు పోతదా?"

ఎలిజబెత్ సిస్టర్ ఆమె మొహంలోకి చూసింది. ఎవరి సంగతని అడగలేదు.

"కొన్ని మొదట్లనే వాటంతటవే పోతయమ్మా. ఫలానా దానివల్లనే పోయిందని ఎవరు జెప్పలేరు."

అంటే తాగించకపోయినా పోయేదేమో. ఆ ఆలోచన పద్మకు ఊరటనివ్వలేదు. దేనివల్ల పోయిందో దేవుడికే తెలియాలి. అమ్మ గ్లాసు పట్టుకుని నిలబడింది మాత్రం పోవాలనే. ఆ మాటకు మందు ఏ సిస్టర్ దగ్గరా లేదు.

సాయంత్రం ఆ సంచినే విక్రమ్ ఛాతీలోని గొట్టానికి తగిలించారు. పద్మను వీల్ చైర్‌లో అద్దం దగ్గరికి తెచ్చారు. శారదమ్మ అప్పటికే అక్కడుంది. సంచి వైపు చూసి చేతులు జోడించింది. నరేందర్ కొంచెం ఎడంగా నిలబడ్డాడు. లోపల మంచం మీద విక్రమ్, కనుబొమలు కూడా రాలిపోయిన మొహంతో, గోడకున్న ఫోన్ అందుకున్నాడు. ఇవతల పద్మ అందుకున్న ఫోన్‌కు స్పీకర్ ఉంది, అతని గొంతు అందరికీ వినబడింది.

"అక్కా... పొద్దున అమ్మ జెప్పింది. నేను ధైర్యం ఇడవొద్దని జెప్పింది. నా కోసం నువ్వు... కడుపు..." ఆగి ఊపిరి తీసుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. "నిజమేనా అక్కా? నువ్వే వద్దనుకున్నవా?"

శారదమ్మ వంగి పద్మ చెయ్యి పట్టుకుంది. సూది గుచ్చిన చోటే పట్టుకుంది. "అవునను బిడ్డా," అంది చెవిలో. "వాని పానం ఏం బాగలేదు. గీ ఒక్కమాటకు అవునను."

పద్మ అద్దంలోంచి తమ్ముణ్ణి చూసింది. అవునంటే వాడు ఆ మాట పట్టుకుని కోలుకుంటాడేమో. కాదంటే బెంగపడి ఏమైపోతాడో. పక్కన నరేందర్ చెవులు కూడా ఈ జవాబు కోసమే కాచుకుని ఉన్నాయి. ఇప్పుడు అవునంటే ఆ అబద్ధం తన సొంత నోటితో చెప్పినదైపోతుంది, ఇక జన్మలో ఎవరూ దాన్ని విప్పలేరు. తన ఒంట్లోంచి ఇవ్వాల్సిందంతా ఇచ్చేసింది. అది లోపల చుక్కచుక్కగా దిగుతోంది. ఇది మాత్రం ఇవ్వలేననుకుంది.

తల్లి చెయ్యి విడిపించుకుంది.

"కాదురా," అంది. "నేను వద్దనుకోలే. నన్ను ఎవ్వరు అడుగలే."

విక్రమ్ పెదాలు కదిలాయి.

"మరి... ఎవరక్కా?"

"అది నా నోటెంట ఇనకు. ముందుగాల నువ్వు బతుకు. మంచిగ బతికి, నీ కాళ్ల మీద నడుసుకుంట ఇంటికొచ్చి, అమ్మ ముంగట కూసొని అమ్మనే అడుగు."

ఫోన్ పెట్టేసింది. నరేందర్ నాలుగడుగులు ముందుకొచ్చి, వీల్ చైర్ పిడి మీద చెయ్యేసి, శారదమ్మ వైపు తిరిగి, "అత్తమ్మా?" అన్నాడు. శారదమ్మ కొడుకునే చూస్తోంది. అద్దం అవతల విక్రమ్ ఫోన్ ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని, అక్కను కాదు, తల్లిని చూస్తున్నాడు.